చెవి తమ్మె కుట్టడానికి మెడ మీద ఇంజెక్షన్ ఎందుకు?

బుట్టల బరువుకి మీ అమ్మగారి చెవి తమ్మె చీలిపోయింది, సర్జనేమో మెడ పక్కన ఇంజెక్షన్ ఇచ్చి కుడతానన్నారు, దానికి బదులు పూర్తి మత్తు ఇవ్వమని అడగాలా అని కదా మీ సందేహం. మామూలుగా ఇంత చిన్న పనికి పూర్తి మత్తు అవసరం పడదండీ. నా రెండు తమ్మెలూ ఇలాగే కుట్టారు. కుడుతున్నంతసేపూ సర్జన్‌తో కబుర్లు చెబుతూనే ఉన్నాను.

మెడ ఎందుకంటే, తమ్మెలో నొప్పిని మోసే గ్రేట్ ఆరిక్యులర్ నరం మెడలోంచే వస్తుంది. తల పక్కకి తిప్పితే మెడ మీద ఉబ్బి కనిపించే కండరం ఉంది చూడండి, దాని మీదుగా చెవి వైపు ఎక్కుతుంది. చెవి రంధ్రానికి సుమారు 6.5 సెంటీమీటర్ల కింద, ఆ కండరం మీద లిగ్నోకెయిన్ అనే మత్తు మందు ఇస్తే తమ్మె, చెవి కింది భాగం, దవడ మూల దాకా మొద్దుబారిపోతాయి. అదే మందు తమ్మెలోనే ఎక్కిస్తే తమ్మె ఉబ్బిపోయి, చీలిన అంచులు సరిగ్గా కలిశాయో లేదో తెలియదు.

నొప్పంటారా, ఉన్నదంతా మందు ఎక్కేటప్పటి మంటే. మెల్లగా ఎక్కిస్తే అదీ తగ్గుతుంది. కొందరు డాక్టర్లు మంట తగ్గడానికి మందులో సోడియం బైకార్బొనేట్ కలుపుతారు, అడిగి చూడండి. తర్వాత కొన్ని నిమిషాలు ఆగి, సూది మొనతో గుచ్చి చూస్తారు. తెలుస్తోందంటే ఇంకొంచెం ఇస్తారు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పమని అమ్మగారికి ముందే గట్టిగా చెప్పండి, మన అమ్మలు పంటి బిగువున ఓర్చుకుంటారే తప్ప నోరు విప్పరు. లాగుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. నాకైతే దారం కత్తిరించే చప్పుడు చెవి పక్కనే వినిపించడం ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఈ ఒక్క ఇంజెక్షన్ తమ్మెకి చాలుగానీ చెవి మొత్తానికి చాలదు. మా తమ్ముడికి కబడ్డీలో దెబ్బ తగిలి, చెవి డొప్పలో రక్తం చేరి ఉబ్బితే, అది తీయడానికి చెవి చుట్టూ మందిచ్చారు. చెవి పైన ఒకచోట, కింద ఒకచోట గుచ్చి, ఒక్కోచోటి నుంచి సూదిని చెవి ముందు వైపుకీ వెనక వైపుకీ పోనిచ్చారు. అంత చేసినా చెవి రంధ్రం దగ్గర గుంటలో వాడికి నొప్పి తెలుస్తూనే ఉంది. అక్కడికి వేగస్ నరం కొమ్మ ఒకటి వస్తుంది, చుట్టూ ఇచ్చిన మందు దాన్ని అందుకోదు. చెవిలో దూదిపుల్ల పెడితే కొందరికి దగ్గొస్తుందే, అది ఈ నరం పనే. గుంటలో విడిగా ఇంకో చిన్న ఇంజెక్షన్ పడ్డాక గానీ వాడు కుదుటపడలేదు.

వాడికి ఆ వైపు కన్ను కూడా కాసేపు సరిగ్గా మూతపడలేదు. పక్షవాతం వచ్చిందని మా అమ్మ ఒకటే ఏడుపు! మందు ముఖాన్ని కదిలించే నరం దాకా పాకితే అలా అవుతుందట. సాయంత్రానికి మామూలైపోయింది. అరుదే అయినా, ముందే తెలిసుంటే మేమంత కంగారుపడేవాళ్ళం కాదు.

లిగ్నోకెయిన్ మత్తు గంట, రెండు గంటల్లో దిగిపోతుంది. అది దిగకముందే డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేయించండి. స్పర్శ తిరిగొచ్చేదాకా ఆ చెవి మీద పడుకోనివ్వకండి, వేడి కాపడం పెట్టకండి. కమ్మల కోసం మళ్ళీ చెవి కుట్టించడానికి కొన్ని నెలలు ఆగాలి, అప్పుడైనా మచ్చ మీద కాకుండా పక్కన.

వెళ్ళే ముందు ఒక పని చేయండి. పన్ను పీకించుకున్నప్పుడో ఇంకెప్పుడో మత్తు ఇంజెక్షన్ ఒంటికి పడకపోయినా, గుండె జబ్బున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా సర్జన్‌కి చెప్పండి. ఆ మాత్రలు ఆపాలా వద్దా అన్నది ఆయనే చెబుతారు, మీ అంతట మీరు ఆపేయకండి.