మంద్రస్థాయి పలకని శాక్సోఫోన్: మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పెళ్ళిళ్ళలో బ్యాండు మేళంతో పాటు ఆల్టో శాక్సోఫోన్ వాయిస్తాను. కొంతకాలంగా ఎంత గట్టిగా ఊదినా మంద్రస్వరాలు పలకడం లేదు. జి షార్ప్ కీ నొక్కినా మూత తెరుచుకోవడం లేదు. ప్రతిసారీ బెంగళూరుకో చెన్నైకో పంపితే ముహూర్తాల రోజుల్లో వాద్యం చేతిలో ఉండదు. మరమ్మతు నేనే నేర్చుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పకుండా నేర్చుకోవచ్చు. అయితే ముందు నేర్వవలసింది గాలి ఎక్కడ పోతున్నదో కనిపెట్టడం. చాలామంది స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టి, బాగున్న భాగాలను కూడా కదిలించి, అసలు లోపం దొరకకుండా చేసుకుంటారు.

ఈ వాద్యంలో స్వరం కిందికి దిగేకొద్దీ మూతపడవలసిన రంధ్రాలు పెరుగుతాయి. అట్టడుగు స్వరమైన బి ఫ్లాట్‌కు అన్నీ మూతపడాలి కనుక, పైన ఏ ఒక్క ప్యాడ్ (మూత లోపల రంధ్రానికి ఆనే తోలు బిళ్ళ) అంచున వెంట్రుకవాసి సందు ఉన్నా ఆ లోపం మంద్రస్వరాలలోనే ముందుగా బయటపడుతుంది. కాబట్టి వెతకడం పైనుంచి మొదలుపెట్టాలి. దానికి ముందు కొత్త రీడు (మౌత్‌పీసుకు బిగించే, ఊదితే కంపించే పలుచని పట్టీ) వేసి, వీలైతే వేరే మౌత్‌పీసుతో ఊది, లోపం వాద్యంలోనే ఉందని నిర్ధారించుకోండి.

తరువాత మెడభాగం తీసి, చీకటి గదిలో బ్యాటరీతో వెలిగే సన్నని ఎల్‌ఈడీ దీపాల తీగను గొట్టంలోకి దించి, వాయించేటప్పుడు ఎంత తేలికగా నొక్కుతారో అంతే తేలికగా ఒక్కొక్క కీని మూసి చూడండి. ప్యాడ్ అంచున ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే గాలి అక్కడ పోతున్నట్టే. గట్టిగా నొక్కితే తోలు అణిగి గీత మాయమవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. అనుమానం తీరకపోతే సిగరెట్టు కాగితాన్ని సన్నగా కత్తిరించి ప్యాడ్ కింద పెట్టి, కీ మూసి, మెల్లగా లాగండి. చుట్టూ ఎక్కడ లాగినా ఒకే బిగువు తగలాలి.

సందు కనబడగానే ప్యాడ్ మార్చడానికి తొందరపడకండి. కుడిచేతి ఎఫ్, ఇ, డి కీలలో దేన్ని నొక్కినా పైనున్న ఎఫ్ షార్ప్ మూత కూడా దానితో పాటు దిగాలి. మధ్యనున్న కార్కు ముక్క అరిగిపోతే, నొక్కిన కీ చక్కగా మూసుకున్నా ఆ మూత కొద్దిగా తెరిచే ఉంటుంది. అప్పుడు తగినంత మందం గల కార్కు ముక్క అతికిస్తే చాలు. ఇలా ఒకదానితో ఒకటి కలిసి కదిలే కీలను అర్థం చేసుకోవడానికే మీరు ఎక్కువ సమయం కేటాయించాలని నా అభిప్రాయం. కీలను విప్పవలసి వస్తే, స్క్రూలను, కడ్డీలను తీసిన వరుసలోనే థర్మాకోల్ ముక్కకు గుచ్చి పెట్టుకోండి.

జి షార్ప్ సంగతి వేరు. ఆ మూతను మీ వేలి బలం తెరవదు. మీరు మీట నొక్కినప్పుడు దాని అదుపు తొలగి, మూతకున్న చిన్న స్ప్రింగే దాన్ని పైకి లేపాలి. పెళ్ళివిందులో పాయసమో కూల్‌డ్రింకో తాగి, నోరు పుక్కిలించకుండా ఊదితే, ఊపిరి తేమతో చేరిన తీపి ఆ తోలును రంధ్రం అంచుకు అంటిస్తుంది. అంత బలహీనమైన స్ప్రింగు దాన్ని విడిపించలేదు. కొద్దిగా తడిపిన గుడ్డతో ఆ అంచును తుడిచి, ప్యాడ్ కింద సిగరెట్టు కాగితం పెట్టి కొన్నిసార్లు మెల్లగా మూసి తెరిస్తే తేమ కాగితానికి పడుతుంది. పౌడరు చల్లవద్దు, అది తేమతో కలిసి పేరుకుపోతుంది. వాయించిన ప్రతిసారీ తాడు కట్టిన మెత్తని గుడ్డను గొట్టంలో నుంచి లాగడం అలవాటు చేసుకుంటే ఈ బాధ చాలావరకు రాదు.

గొట్టం వంగినా, మెడభాగం కుంగినా, కీలను నిలబెట్టే స్తంభాల అతుకు ఊడినా ఇంట్లో ముట్టుకోవద్దు. అది పనివాడి దగ్గరే జరగాలి.

ప్రశ్న: మా అబ్బాయి శాక్సోఫోన్ నల్లబడింది. పూజసామాను లాగే చింతపండుతో తోమవచ్చునా? కీలకు కొబ్బరినూనె పూయవచ్చునా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: రెండూ వద్దమ్మా. ఇత్తడి మీద సాధారణంగా పారదర్శకమైన లాకర్ పూత ఉంటుంది; తోమితే అది అరిగిపోతుంది. పులుపు తోలు ప్యాడ్లను పాడుచేస్తుంది, ఉక్కు స్ప్రింగులను తుప్పు పట్టిస్తుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు, నలుపు వల్ల నాదానికి హాని లేదు. కొబ్బరినూనె చలికి గడ్డకట్టి దుమ్మును పట్టి ఉంచుతుంది కనుక, కడ్డీల కొసలకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. మీ ఊరి మే నెల ఎండలో మాత్రం దాన్ని కారులో వదలవద్దు, ప్యాడ్లను పట్టి ఉంచే లక్క మెత్తబడి అవి పక్కకు జరిగే ప్రమాదం ఉంది.