పాప బరువు పెరగకపోవడం గురించి మీ ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. మీ పాప 2.1 కిలోల బరువుతో పుట్టిందనీ, రోజూ పప్పుకట్టుతో అన్నం పెడుతున్నా 14 నెలలు వచ్చినా బరువు పెరగడం లేదనీ, తరచూ విరేచనాలు పట్టుకుంటున్నాయనీ రాశారు.

2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడం, మాటిమాటికీ విరేచనాలు కావడం, రెండూ పోషకాహార లోపానికి దారితీసేవే. అయితే మీరు రాసినదానిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఆ పప్పుకట్టు. అంత పలచటి కట్టుతో చిన్న పొట్ట ఇట్టే నిండిపోతుంది గానీ, ఎదుగుదలకు కావలసిన శక్తి అందదు. అందుచేత పప్పునూ అన్నాన్నీ చెంచా నుంచి జారిపోనంత ముద్దగా మెదిపి, కాస్త నెయ్యి, వీలైతే ఉడికించిన గుడ్డు కలిపి, తల్లిపాలు మాన్పించకుండా రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. విరేచనాలప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లు ఎంత వద్దన్నా సరే, తిండి ఆపకూడదు. ఓఆర్‌ఎస్‌తో పాటు డాక్టరు సూచన మేరకు 14 రోజులు జింకు ఇవ్వాలి.

బరువు పెరగని బిడ్డను పిల్లల డాక్టరు చూడవలసిందే. ఈ వారమే అంగన్‌వాడీలో దండ (భుజానికీ మోచేతికీ మధ్య చేతి భాగం) చుట్టుకొలత కూడా తీయించండి. అది 12.5 సెంటీమీటర్ల లోపు ఉంటే లోపం ఉన్నట్టే, 11.5 కన్నా తగ్గినా, రెండు పాదాల మీదా నొక్కితే గుంట పడే వాపు కనిపించినా, అది తీవ్ర స్థాయి కనుక పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.