సీజరు కచేరీకి వెళ్ళే ముందు

చిట్టీ,

టికెట్ కొన్నానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి మీ పెదనాన్న "నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటుందా అది?" అన్నారు. కూర్చుంటావులే. అయితే నేను మొదటిసారి చేసిన తప్పులు నువ్వు చేయకూడదని ఈ ఉత్తరం.

హ్యాండెల్ అనే పాతకాలం స్వరకర్త ఇటాలియన్ ఆపెరా, అంటే మొత్తం పాటల్లో నడిచే నాటకం, 'జూలియో చేజరే' అంటే మన సీజరు, క్లియోపాత్రాల కథే. నువ్వు వెళ్తున్నది కచేరీలా పాడేదానికి కాబట్టి సెట్టింగులుండవు, వేషాలుండవు, పిరమిడ్లూ ఉండవు. వాద్యబృందం స్టేజీ మీదే కూర్చుంటుంది. వాళ్ళ ముందు గౌన్లు, సూట్లు వేసుకుని గాయకులు పాడతారు. చూడ్డానికేమీ లేదే, డబ్బు దండగేమో అనుకోకు. నన్నడిగితే ఈ ఆపెరాకి ఇదే నయం. పెద్ద ప్రొడక్షన్లలో పాట నడుస్తుంటే వెనకాల ఎవరో ఒకరు నిచ్చెన మోసుకుంటూ తిరుగుతుంటారు, మన ధ్యాసంతా ఆ నిచ్చెన మీదే.

నా సంగతి చెప్తాను. లండన్‌లో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఆఫీసు నుంచి పరుగున వెళ్ళాను, మధ్యాహ్నం కూడా సరిగ్గా తినలేదు. సీజరు కథ తెలియనిదా అన్న ధీమాతో ఏమీ చదవలేదు. తీరా సీజరు నోరు విప్పితే ఆడగొంతు! తప్పు మనిషి వచ్చాడేమోనని పక్కావిడ మొహంలోకి చూశాను. రెండో అంకం మొదలయ్యేసరికి కునుకు పట్టేసింది. ఆ కునుకులో ఏం పోగొట్టుకున్నానో తర్వాత చెప్తాను.

ముందు ఆ గొంతు సంగతి. 1724 ఫిబ్రవరి 20న లండన్ హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్‌లో ఇది మొదటిసారి ఆడినప్పుడు సీజరు పాత్ర సెనెసీనోది. గొంతు మారకుండా చిన్నప్పుడే ఆపరేషన్ చేసి మగతనం తీసేసిన గాయకుడు. పిల్లల్ని అలా చేయడం ఘోరమే, కానీ ఆ రోజుల్లో జనానికి వీరుడి గొంతంటే అదే. ఇప్పుడు ఆ పాత్రని కౌంటర్‌టెనర్లు, అంటే ఆడగొంతు స్థాయిలో పాడే మగవాళ్ళు, పాడతారు, లేదా కాస్త కింది స్థాయిలో పాడే ఆడవాళ్ళు. సీజరు శత్రువు పాంపే కొడుకు సెస్టో పాత్రనైతే మొదటి రోజే ఒకావిడ పాడింది. స్థానం నరసింహారావు గారి సత్యభామని చూసి మురిసిపోయిన వాళ్ళ మనవరాలివి, నీకిదేం వింత?

కథ మటుకు తప్పకుండా చదువుకుని వెళ్ళు, ఒక్క పేజీ చాలు. పాంపేని ఓడించి సీజరు ఈజిప్టుకొస్తాడు. అతన్ని మంచి చేసుకుందామని అక్కడి కుర్రరాజు టోలెమీ పాంపే తల నరికించి కానుకగా పంపిస్తాడు. ఆ తలని చూసేది సీజరు ఒక్కడే కాదు, పాంపే భార్య కొర్నేలియా, సెస్టో కూడా అక్కడే ఉంటారు. నేను రెండోసారి విన్నప్పుడు కొర్నేలియా పాడినావిడ చెల్లో వాయించే అతని పాదాల దగ్గర ఖాళీ నేల వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. అయినా నేను మెడ చాపి చూశాను. అందుకే కాస్త దగ్గర సీటు తీసుకోమన్నాను. ఇందులో చూడాల్సింది మొహాలే.

చరిత్ర పరీక్షకి మాత్రం ఇది పనికిరాదు. ఇందులో టోలెమీని సెస్టో చంపుతాడు, నిజానికి అతను పోయింది నైలు నదిలో మునిగి.

ఇక పాటలు. మధ్యమధ్య పాతకాలం పియానో లాంటి హార్ప్సికార్డ్ మీద గబగబా మాటల్లా నడిచేది పద్యనాటకంలో వచనం లాంటిది. కథ అందులో నడుస్తుంది, పైన తెర మీద ఇంగ్లీషులో అర్థం వస్తుంటుంది. పాట వచ్చిందంటే కథ ఆగుతుంది. మొదటి భాగం, దానికి వేరుగా రెండో భాగం, మళ్ళీ మొదటి భాగం. కొత్తవాళ్ళకి విసుగొచ్చేది అక్కడే, "విన్నదే కదా" అని. మా నాన్న తెనాలిలో పద్యానికి పద్యానికి "వన్స్ మోర్" అని అరిచేవారు. హ్యాండెల్ కాలంలో ఆ వన్స్ మోర్ పాటలోనే రాసిపెట్టి ఉంటుంది, అంతే తేడా. తిరిగొచ్చినప్పుడు గాయకులు ఉన్నదున్నట్టు పాడరు, సంగతులు వేస్తారు. మొదటిసారి వరస పట్టుకో, రెండోసారి దాన్నేం చేశారో విను.

నేను కునుకులో పోగొట్టుకున్నది ఇదే. రెండో అంకం మొదట్లో క్లియోపాత్రా మారువేషంలో సీజరు కోసం 'వదోరో పుపిల్లె' పాడుతుంది. హార్ప్, థియోర్బో, వయోలా ద గాంబా లాంటి పాతకాలం తీగె వాద్యాలన్నీ మెల్లగా కలుస్తాయి. రెండో భాగం అవగానే సీజరు ఉండబట్టలేక, ఇంద్రుడి లాంటి వాళ్ళ దేవుడి దగ్గర కూడా ఇలాంటి గానం లేదంటాడు. అప్పుడు ఆవిడ మళ్ళీ మొదటి భాగం ఎత్తుకుంటుంది. చూశావా, వన్స్ మోర్ కొట్టింది సాక్షాత్తూ సీజరే! ఆ ఒక్క పాట ముందే రెండుమూడుసార్లు వినిపెట్టుకో. మిగతావి అక్కడే విను.

సీజరు 'వా తాచితో' పాడేటప్పుడు హారన్ అనే ఊదే వాద్యం వాయించే మనిషిని చూడు. మీటల్లేని పాతకాలం హారన్ అయితే ఒక్కో స్వరం పెదాలతో పట్టుకురావాలి, జారిందంటే అందరికీ వినిపిస్తుంది. పాట వేటగాడి గురించి, నాకు మాత్రం టెన్షన్ ఆ హారన్ గురించే. పేగు తీగెల వాద్యాలు ఊరికే శ్రుతి తప్పుతాయి, మధ్యలో ఆగి సరిచేసుకుంటారు. మన తంబూరాలకి లేదా ఏమిటి? విసుక్కోకు.

తినేసి వెళ్ళు. ఇంటర్వెల్లో లేడీస్ టాయిలెట్ లైను చాంతాడంత ఉంటుంది, దీపాలు వెలిగీ వెలగకముందే లే. చప్పట్లకి తొందరపడకు, ఆఖరి స్వరం ఆగనీ.

మూడో అంకంలో, తమ్ముడు టోలెమీ చెరలో పడ్డాక, క్లియోపాత్రా 'పియాంజెరో' అని ఏడుస్తుంది. మధ్యలో కోపం, చచ్చాక దయ్యమై వచ్చి వాణ్ణి పీడిస్తానంటుంది. తర్వాత మళ్ళీ అదే ఏడుపు. దాని గురించి నేనేం చెప్పను, విన్నాక నువ్వే చెప్పు. అది అయిపోయి నువ్వు ట్యూబ్ రైలెక్కేసరికి ఇక్కడ తెల్లవారుజాము నాలుగు దాటుతుంది. నాకెలాగూ ఆ వేళకి మెలకువే. ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ