తీరంలో కురిసిన తుఫాను వానను ఒడిశాలో వంశధార లోయలో ఉన్న గుణుపురం పైకి జరిపి లెక్క కట్టవచ్చా?

ఆనకట్ట అలుగు ఎంత వరదను తట్టుకోవాలో తేల్చడానికి, ఒక చోట పడ్డ వాన మరో చోట పడితే ఎంత ఉంటుందో ఇలా లెక్కిస్తారు. ఒక తుఫానును ఎంత మేర జరపవచ్చో ముందే గీసుకోవాలి. ఆ గీత లోపల ఎక్కడైనా అలాంటి వాన అదే కారణంతో పడగలగాలి. జిల్లా, రాష్ట్ర సరిహద్దులు ఇక్కడ పనికిరావు. కొండలు, సముద్రం నుంచి దూరం, తేమగాలి వచ్చే దిక్కు చూడాలి.

వంశధారనే తీసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాలను ముంచెత్తింది. అంటే తీరపు వాయుగుండాలు ఈ లోయదాకా వస్తాయి. గుణుపురం పల్లంలోనే ఉంది కాబట్టి కింది పరీవాహక ప్రాంతానికి అలాంటి తుఫానును జరపడం సబబే. కానీ సుమారు 1,500 మీటర్ల మహేంద్రగిరి సముద్రం వైపు వాలులో పడ్డ వానను అవతలి వాలుకు యథాతథంగా మోయకూడదు. అందులో కొంత భాగం కొండ గాలిని పైకి నెట్టడం వల్ల పడింది. నది పుట్టే కలహండి ఎత్తుల్ని వేరే ప్రాంతంగా చూడటమే మంచిదని నా అభిప్రాయం.

జరిపాక తేమ సవరణ తప్పనిసరి. కొత్త చోట సాధ్యమయ్యే గరిష్ఠ తుషార బిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) దగ్గర గాలిలో ఉండే నీటిని, తుఫాను నాటి నీటితో భాగించి, ఆ నిష్పత్తితో వర్షపాతాన్ని గుణించాలి. తుషార బిందువులో ఒక్క డిగ్రీ తేడాకే దాదాపు 8, 9 శాతం మారుతుంది.

గీత మరీ పెద్దదైతే ఇక్కడ పడని వాన లెక్కలోకొస్తుంది. మరీ చిన్నదైతే పక్క లోయలో పడిన పెద్ద వాన జారిపోతుంది, ఆనకట్ట అలుగు చాలకుండా పోయేది అక్కడే.