పబ్లిక్ హిస్టరీలో పీజీ: ఎక్కడ చేరాలి?

ప్రశ్న: విశాఖలో బీఏ హిస్టరీ చివరి ఏడాదిలో ఉన్నాను. పాఠాలు చెప్పడం కంటే మ్యూజియం, ఆర్కైవ్స్ (పాత పత్రాలు భద్రపరిచే చోట్లు) పనులంటే ఇష్టం. చరిత్రను మ్యూజియాలు, ఆర్కైవ్స్, వారసత్వ స్థలాల ద్వారా జనం ముందుకు తెచ్చే పబ్లిక్ హిస్టరీలో పీజీకి అమెరికా వెళ్లాలా, ఇక్కడే చదవాలా? అంత ఖర్చు పెడితే ఉద్యోగం వస్తుందా అని నాన్నగారు అడుగుతున్నారు.
- ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడదాం. అప్పు చేసి వెళ్లాల్సి వస్తే అమెరికా వద్దు. పబ్లిక్ హిస్టరీ పేరుతో కోర్సు పుట్టింది అక్కడే, 1976లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా క్యాంపస్‌లో. బోధన బాగుంటుంది. చిక్కంతా చదువు అయ్యాకే. పార్కులు, చారిత్రక స్థలాలు చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ లాంటి ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) కొలువులకు మామూలుగా ఆ దేశ పౌరసత్వం ఉండాలి. చదువు తర్వాత అక్కడే పనిచేసుకోవడానికి విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి, ఓపీటీ గడువు హిస్టరీ వాళ్లకు 12 నెలలే. ఇంజినీరింగ్ వాళ్లకు దొరికే అదనపు 24 నెలలు వీళ్లకు ఉండవు. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే బోధనలోనో పరిశోధనలోనో సాయం చేసే పని) ఇచ్చి ట్యూషన్ ఫీజు మాఫీ చేస్తే మాత్రం తప్పకుండా ఆలోచించండి. మాఫీ పూర్తిగానా, సగమా? రెండో ఏడాదికీ వర్తిస్తుందా? ఆరోగ్య బీమా ఎవరు కట్టాలి? ఈ మూడూ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంకో మాట: అక్కడి చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. మీది మూడేళ్లదైతే ఆనర్స్ నాలుగో ఏడాది గానీ, ఇక్కడ ఎంఏ గానీ చేశాక వెళ్లడం మేలు.

మన దేశంలో ‘పబ్లిక్ హిస్టరీ’ అనే పేరు కోసం వెతికితే పెద్దగా దొరకదు. ఆ పనులు వేర్వేరు పేర్లతో ఉన్నాయి. వస్తువుల సంరక్షణ, ప్రదర్శన మీద మనసుంటే మ్యూజియాలజీ: బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో 1952 నుంచీ ఉంది, కలకత్తా యూనివర్సిటీలోనూ ఉంది, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో దానితోపాటు కన్జర్వేషన్ కూడా నేర్పుతారు. పాత కాగితాలంటే ఇష్టమైతే ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి కోర్సులు చూడండి. ఒక వారసత్వ స్థలాన్ని నడిపించడం నేర్చుకోవాలంటే అహ్మదాబాద్ యూనివర్సిటీలో హెరిటేజ్ మేనేజ్‌మెంట్. సర్కారు కొలువే లక్ష్యమైతే ఆ పోస్టుల పాత నోటిఫికేషన్లు ముందుగా చదవండి. కొన్నిటికి ఏ సబ్జెక్టులో పీజీ ఉండాలో పేరుపెట్టి రాస్తారు. కొత్త పేరున్న డిగ్రీ తీసుకెళ్తే దరఖాస్తు దగ్గరే ఆగిపోవచ్చు.

కోర్సు మంచిచెడ్డలు తేల్చేది ఇంటర్న్‌షిప్పే. బ్రోచర్లో ఆ మాట అందరూ రాస్తారు. చోటు విభాగమే చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా? ఎన్ని వారాలు, ఎన్ని క్రెడిట్లు? అక్కడ మీ పని చూసేదెవరు? గట్టి ఏర్పాటు లేకపోతే రెండు నెలలూ టికెట్ కౌంటర్లోనూ జిరాక్సులతోనూ గడిచిపోతాయి, చూపించడానికి ఒక్క పనీ మిగలదు. గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడెక్కడున్నారని విభాగానికి మెయిల్ పెట్టండి. ఊళ్లు, సంస్థల పేర్లు చెబితే నమ్మండి. ‘మంచి స్థానాల్లో ఉన్నారు’ అని మాత్రమే జవాబొస్తే, పాత విద్యార్థులిద్దరిని మీరే వెతికి మాట్లాడండి. చదువు చెప్పేవాళ్లలో మ్యూజియంలోనో ఆర్కైవ్స్‌లోనో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేకపోతే ఆ కోర్సు వదిలేయడమే మంచిది.

ప్రశ్న: ఇలాంటి కోర్సులకు దరఖాస్తుతోపాటు చూపించడానికి విశాఖలోనే ఉండి ఏం తయారుచేసుకోవచ్చు?
- ఓ పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: రెండు పనులు చాలు, పూర్తిగా చేస్తే.

మొదటిది మౌఖిక చరిత్ర, అంటే మనుషుల జ్ఞాపకాలను వాళ్ల మాటల్లోనే రికార్డు చేయడం. మత్స్యకారులుండే జాలారిపేటలో పెద్దవాళ్లనో, నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లనో ఇద్దరిని ఎంచుకోండి. ఒక్కొక్కరితో గంటకు మించొద్దు. రికార్డింగ్ డబ్ల్యూఏవీ (ధ్వనిని కుదించకుండా ఉంచే ఆడియో ఫైలు) ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. ఫ్యాన్ ఆపించి ఇంట్లోనే కూర్చోండి. ఫ్యాన్ హోరు, సముద్రపు గాలి మాట మీద పడితే తర్వాత పూర్తిగా తీసేయలేరు. గంట మాటలు కాగితం మీద పెట్టడానికి కనీసం ఐదారు గంటలు పడుతుంది. ఉత్తరాంధ్ర యాసను పుస్తక భాషలోకి దిద్దకండి, ఆ మాటతీరు కూడా చరిత్రే. చాలామంది పొరపాటు చేసేది అనుమతి పత్రం దగ్గర. రికార్డింగ్ ఎక్కడ ఉంచుతారు, ఎవరు వినొచ్చు, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా అన్నది తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. అది లేకపోతే ఎంత మంచి ఇంటర్వ్యూ అయినా ఎవరికీ చూపించలేరు. ఫైలు మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

రెండోది, విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండకు మూడు ప్రదర్శన లేబుళ్లు, అంటే చూడవచ్చినవాళ్ల కోసం పెట్టే చిన్న వివరణ బోర్డులు. కొండకు ఆ పేరు తెచ్చిన రాతి తొట్ల దగ్గర మొదలుపెట్టండి. నీళ్లు నిలవ చేసుకోవాల్సిన అవసరం అక్కడి బౌద్ధ భిక్షువులకు ఎందుకొచ్చిందో చెప్పండి. ఒక్కో లేబుల్ 60, 70 మాటల్లో అయిపోవాలి. వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషు బోర్డుకంటే ఎక్కువ వదలండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులను తాకి దూరం నుంచి చదవడానికి రాదు. రాసింది అసలు సైజులో ప్రింట్ తీసి గోడకు అంటించి, ఆ కొండ ఎప్పుడూ ఎక్కనివాళ్ల చేత చదివించండి. వాళ్లు ఆగిన చోటల్లా తిరగరాయండి. మొదటి ప్రతినీ చివరి ప్రతినీ పక్కపక్కన దరఖాస్తుతో పంపండి.