చక్రం వణికితే ముందు హాల్ వైర్లు చూడండి
అన్నా, మీ ఎలక్ట్రిక్ సైకిల్‌కి బ్యాటరీ ఫుల్లుగా ఉన్నా థ్రాటిల్ తిప్పగానే వెనక చక్రం గడగడ వణికి ఆగిపోతోందన్నారు కదా. మోటార్ కాలిపోయిందని టెన్షన్ పడకండి. చాలాసార్లు ఇది హాల్ సెన్సర్ (మోటార్ ఏ స్థితిలో తిరుగుతోందో చెప్పేది) సన్న వైర్ల గొడవే, లేదంటే మోటార్‌కి కరెంటు ఇచ్చే మూడు లావు ఫేజ్ వైర్లలో ఒకటి లూజు.

బ్యాటరీ తీసేసి, కంట్రోలర్ (మోటార్‌ను నడిపే బాక్సు) దగ్గర మోటార్ వైర్ల కనెక్టర్ విప్పి పిన్నులు చూడండి. ఒకటి వెనక్కి జారినా పైకి కనపడదు. అన్నీ బాగుంటే మళ్లీ తగిలించి, బ్యాటరీ ఆన్ చేసి, మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టండి. సన్న నల్ల వైరుకీ, పసుపు, ఆకుపచ్చ, నీలం సన్న వైర్లకీ మధ్య ఒక్కొక్కటిగా కొలవండి. చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పుతుంటే రీడింగు 0కీ 5కీ మధ్య మారాలి. మారని చోటే లోపం.

నా సైకిల్‌కి టార్క్ వాషర్ (యాక్సిల్ తిరగకుండా పట్టి ఉంచేది) వేయలేదు, యాక్సిల్ తిరిగి వైరు మెలిపడి తెగింది. మీదీ ఒకసారి చూడండి, వాషర్ లేకుండా మాత్రం రోడ్డెక్కకండి.