తప్పుచేసిన అధ్యక్షుడు గెలిచి, చేయనివాడు ఓడితే: ఈ ప్రశ్నతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: నేను బీఏ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) ఆఖరి సంవత్సరం చదువుతున్నాను మేడమ్. అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద అవినీతి కుంభకోణాల ప్రభావం గురించి కాలేజీలో సెమినార్ పేపర్ చదివాను. వాటర్‌గేట్‌ను ఉదాహరణగా తీసుకుని, కుంభకోణం బయటపడితే ఓటర్లు శిక్షిస్తారని తేల్చాను. మా లెక్చరర్ గారు "మరి 2024 సంగతేమిటమ్మా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు. దీనిమీదే పైచదువులు చదవాలని ఉంది. నాన్నగారు బ్యాంకు పరీక్షలో, గ్రూప్సో రాయమంటున్నారు. అమెరికాలో ఉన్న బాబాయి "ఇక్కడి ఎన్నికల గురించి ఇక్కడివాళ్లు చదువుకుంటారు, నీకెందుకు?" అంటున్నారు. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: సెమినార్‌లో జవాబు తట్టనందుకు బాధపడకండి. ఆ ప్రశ్న మిమ్మల్ని ఇన్ని రోజులు వెంటాడడమే నాకు నచ్చింది. కోర్సులు, ఉద్యోగాల సంగతి కాస్త ఆగి చూద్దాం. ముందు మీ పేపర్ గురించి మాట్లాడదాం. ఈ దారి మీకు నప్పుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మీ ఉదాహరణే తీసుకోండి. వాటర్‌గేట్ భవనంలోని డెమోక్రటిక్ పార్టీ కార్యాలయంలోకి చొరబడినవాళ్లు పోలీసులకు దొరికింది 1972 జూన్ 17న. అధ్యక్ష ఎన్నిక జరిగింది నవంబరు 7న. మధ్యలో దాదాపు అయిదు నెలల సమయం ఉంది. దొరికినవాళ్లకూ నిక్సన్ ప్రచార కమిటీ డబ్బుకూ సంబంధం ఉందని ఎన్నికకు ముందే పత్రికల్లో వచ్చింది. అయినా నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలుచుకున్నారు. ప్రత్యర్థి మెక్‌గవర్న్‌కు దక్కింది మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్ మాత్రమే. అంటే, ఓటర్లు శిక్షించారని మీరు రాసిన ఆ కుంభకోణంలో అసలు మనిషిని ఓటర్లు శిక్షించనే లేదు. ఆయన్ను దించింది సెనేట్ విచారణ, కోర్టులు, శ్వేతసౌధంలో ఆయనే రికార్డు చేయించుకున్న టేపులు. 1974 ఆగస్టు 9న రాజీనామా చేసి వెళ్లిపోయారు.

దెబ్బ తగిలింది ఆయన రిపబ్లికన్ పార్టీలో మిగిలినవాళ్లకు. ఆ నవంబరులో జరిగిన ప్రతినిధుల సభ ఎన్నికల్లో డెమోక్రాట్లు 49 సీట్లు అదనంగా గెలిచారు. తర్వాత 1976లో, నిక్సన్ ఉపాధ్యక్షుడిగా ఉండి ఆయన స్థానంలోకి వచ్చిన జెరాల్డ్ ఫోర్డ్ ఓడిపోయారు. ఆ చొరబాటుతో ఫోర్డ్‌కు సంబంధం లేదు. కానీ అధ్యక్షుడైన నెల రోజులకే, 1974 సెప్టెంబరు 8న, నిక్సన్‌కు క్షమాభిక్ష పెట్టారు. అబద్ధం చెప్పనని మాటిచ్చి తిరిగిన డెమోక్రాట్ జిమ్మీ కార్టర్‌కు 297 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) వస్తే, ఫోర్డ్‌కు 240 వచ్చాయి. నలభై లక్షలకు పైగా ఓట్లు పోలైన ఒహాయోలో కార్టర్ ఆధిక్యం పదకొండు వేలు.

మరి ఫోర్డ్‌ను ఓడించింది క్షమాభిక్షేనా? తొందరపడి అవునని రాసేయకండి. అప్పుడు ధరలు మండుతున్నాయి. అంతకుముందు ఏడాదే, అమెరికా అండగా నిలిచిన దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ చేజారింది. సొంత పార్టీలోనే రీగన్ పోటీకి దిగి ఫోర్డ్‌ను బాగా అలిసిపోయేలా చేశారు. పైగా టీవీ చర్చలో తూర్పు యూరప్ మీద సోవియట్ పెత్తనం లేదనేసి ఫోర్డ్ అభాసుపాలయ్యారు. పదకొండు వేల ఓట్లను వీటిలో ఏదైనా తిప్పి ఉండవచ్చు. ఏది ఎంత తిప్పిందో విడదీసి చూపగలగడమే మీరు నేర్చుకోవాలనుకుంటున్న విద్య.

ఇక నా విద్యార్థులకు నేను తప్పకుండా చెప్పే కథ 1924 నాటిది. వయోమింగ్ రాష్ట్రంలోని టీపాట్ డోమ్, కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్ అనే చోట్ల నౌకాదళం కోసం అట్టేపెట్టిన చమురు నిల్వలు ఉండేవి. అధ్యక్షుడు హార్డింగ్ మంత్రివర్గంలోని ఆల్బర్ట్ ఫాల్ వాటిని తన శాఖ కిందికి తెప్పించుకుని, పోటీ టెండర్లు లేకుండా చమురు వ్యాపారులు హ్యారీ సింక్లెయిర్‌కూ ఎడ్వర్డ్ డోహెనీకీ లీజుకిచ్చేశారు. డోహెనీ కొడుకు లక్ష డాలర్ల నగదు నల్లసంచిలో పెట్టుకుని ఫాల్‌కు అందించినట్టు సెనేట్ విచారణలో బయటపడింది. మోంటానా సెనేటర్ థామస్ వాల్ష్ ఓపికగా కాగితం వెంట కాగితం తిరగేసి దాన్ని బయటికి లాగారు. ఎన్నికల ఏడాది ఆరంభంలోనే ఇదంతా. అధికారంలో ఉన్న రిపబ్లికన్ల పని అయిపోయిందనే అనిపిస్తుంది కదా?

జరిగింది వేరు. డెమోక్రాట్లలో ముందున్న అభ్యర్థి విలియం మెకడూ అదే డోహెనీ దగ్గర ఫీజు తీసుకున్న లాయరని విచారణలోనే తేలింది. న్యూయార్క్‌లో జరిగిన ఆ పార్టీ మహాసభ, తెల్లజాతి దురహంకార సంస్థ 'కు క్లక్స్ క్లాన్', మద్యనిషేధం గొడవలతో అప్పటికే రెండుగా చీలి ఉంది. అభ్యర్థిని తేల్చడానికి 103 సార్లు ఓటింగ్ పెట్టాల్సొచ్చింది. అటు హార్డింగ్ 1923 ఆగస్టులోనే చనిపోయారు. ఉపాధ్యక్షుడిగా ఉండి ఆ స్థానంలోకి వచ్చిన కూలిడ్జ్ రెండు పార్టీల నుంచి చెరొక లాయర్‌ను ప్రత్యేక ప్రాసిక్యూటర్లుగా వేసి, అటార్నీ జనరల్‌ను సాగనంపారు. వ్యాపారాలు కూడా బాగున్నాయి. కూలిడ్జ్ 54 శాతం ఓట్లతో, 382 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. కుంభకోణం నడిచింది ఒక పార్టీ ప్రభుత్వంలో, అధ్యక్షపదవి ఆశ ఆవిరైంది రెండో పార్టీ నాయకుడికి. లంచం తీసుకున్నందుకు ఫాల్‌కు శిక్ష పడింది 1929లో. అదే లంచం ఇచ్చారన్న కేసులో డోహెనీ నిర్దోషిగా బయటపడ్డారు.

అభ్యర్థి మీదే మచ్చ ఉంటే లెక్క కొంత మారుతుంది. 1884లో రిపబ్లికన్ అభ్యర్థి జేమ్స్ బ్లేన్ రైల్వే బాండ్ల వ్యవహారంలో రాసిన ఉత్తరాలు బయటికొచ్చాయి. ఒకదాని చివర, చదివాక కాల్చేయమని ఆయన చేత్తోనే రాసి ఉంది! సొంత పార్టీలోని సంస్కరణవాదులు కొందరు ఆయన్ను వదిలి డెమోక్రాట్ క్లీవ్‌లాండ్ పక్షాన చేరారు. ఫలితాన్ని నిర్ణయించిన న్యూయార్క్ రాష్ట్రంలో బ్లేన్ ఓడిన తేడా సుమారు వెయ్యి ఓట్లు. అయితే పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు బ్లేన్ ఉన్న సభలోనే ఒక పాస్టర్ ఐరిష్ క్యాథలిక్కులను నొప్పించే మాట అన్నారు. ఆ వెయ్యి ఓట్లు ఉత్తరాల వల్ల పోయాయా, పాస్టర్ నోటి వల్ల పోయాయా అన్న వాదన తెగేది కాదు.

రీగన్ ప్రభుత్వం ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మి, ఆ డబ్బును నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన ఇరాన్-కాంట్రా వ్యవహారం 1986 నవంబరులో బయటపడితే, రీగన్ ఉపాధ్యక్షుడు సీనియర్ బుష్ 1988లో 40 రాష్ట్రాలు గెలిచారు. రెండేళ్లలో వేడి చల్లారింది. 2016లో డెమోక్రాట్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఉండగా సొంత సర్వర్‌లో నడిపిన ఈమెయిళ్ల గురించి ఎఫ్‌బీఐ డైరెక్టర్ కోమీ కాంగ్రెస్‌కు (అమెరికా చట్టసభకు) లేఖ పంపింది పోలింగ్‌కు సరిగ్గా 11 రోజుల ముందు. ఆమె ఓడిపోయారు, ఫలితాన్ని తేల్చిన మూడు రాష్ట్రాల్లో మొత్తం కలిపి తేడా సుమారు 78 వేల ఓట్లు. ఆ లేఖ ప్రభావం ఎంత అన్నదానిపై పరిశోధకులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. ఏ నెలలో బయటపడిందన్నది, ఏం బయటపడిందన్నంత ముఖ్యం.

ఇప్పుడు మీ లెక్చరర్ గారి ప్రశ్న. 2016 ఎన్నికకు ముందు ఒకరి నోరు మూయించడానికి ఇచ్చిన డబ్బును కప్పిపుచ్చేలా వ్యాపార రికార్డులు తారుమారు చేశారన్న కేసులో, 2024 మే 30న న్యూయార్క్ జ్యూరీ డొనాల్డ్ ట్రంప్‌ను 34 అభియోగాల్లోనూ దోషిగా తేల్చింది. తీర్పు వచ్చిన ఒక్క రోజులో అయిదు కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయని ఆయన ప్రచార బృందం ప్రకటించింది. నవంబరులో 312 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. ధరల బాధ ఆ ఎన్నికలో పెద్ద విషయమన్నది నిజం. అదొక్కటే కారణమని నేననుకోను. 1974తో పోల్చి చూడండి. 1974 ఆగస్టు 7న బారీ గోల్డ్‌వాటర్‌తో సహా ముగ్గురు రిపబ్లికన్ పెద్దలు శ్వేతసౌధానికి వెళ్లి, కాంగ్రెస్‌లో మీకు మద్దతు మిగల్లేదని నిక్సన్‌కు ముఖంమీదే చెప్పారు. అప్పటికి ఆయన పనితీరు బాగుందనేవాళ్లు గాలప్ సర్వేలో 24 శాతానికి పడిపోయారు. అంటే, ఇది తప్పే అని రెండు పార్టీల మనుషులూ ఒప్పుకున్నారు. 2024లో ఒక పక్షానికి నేరంగా కనిపించిన కేసు రెండో పక్షానికి కక్షసాధింపుగా కనిపించింది. అమెరికన్లకు అవినీతి అంటే పట్టింపు పోయిందని నేను నమ్మను. ఏది అవినీతో తేల్చే మధ్యవర్తి మీద ఉమ్మడి నమ్మకం పోయింది. ఇది నా అభిప్రాయం. దీన్ని లెక్కలతో పరీక్షించి తప్పని తేల్చినా నాకు సంతోషమే.

ఇక ఉద్యోగం మాట. "అమెరికా కుంభకోణాల నిపుణులు కావలెను" అన్న ప్రకటన మీకు ఎక్కడా కనిపించదు. ఇది ముందే చెప్పడం నా బాధ్యత. విషయం ఒక్కటే కూడు పెట్టదు. ఆ విషయం కోసం నేర్చుకున్న పని పెడుతుంది. సర్వే ప్రశ్నలు తయారుచేయడం, పోలింగ్ గణాంకాలు విశ్లేషించడం, విచారణ నివేదికలు చదివి డబ్బు జాడ పట్టడం వస్తే ఎన్నికల సర్వే సంస్థల్లో, పత్రికల డేటా విభాగాల్లో, పరిశోధన సంస్థల్లో చోటుంది. అభ్యర్థుల అఫిడవిట్లలోని కేసులు, ఆస్తులు విశ్లేషించే అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వంటి సంస్థల పని కూడా ఇలాంటిదే.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని దారి ఇంకొకటుంది. వాటర్‌గేట్ దర్యాప్తులో ప్రచార నిధుల లెక్కలు తవ్వుతుంటే, పెద్ద కంపెనీలు విదేశీ అధికారులకు లంచాలివ్వడానికి దాచిన రహస్య నిధులు బయటపడ్డాయి. నాలుగు వందలకు పైగా కంపెనీలు అనుమానాస్పద చెల్లింపులు చేశామని ఒప్పుకున్నాయి. దాంతో 1977లో విదేశీ లంచాల నిరోధక చట్టం వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఉత్తర్వుతో దాని అమలు కొన్నాళ్లు ఆగినా, చట్టం రద్దు కాలేదు. హైదరాబాద్‌లో ఆఫీసులు పెట్టిన అమెరికా కంపెనీలు దానికి లోబడి ఉండాల్సిందే. ఆ లెక్కలు చూసే పనినే కంప్లయన్స్ అంటారు. పొలిటికల్ సైన్స్ డిగ్రీతో నేరుగా తీసుకోరు. పైన లా గానీ, అకౌంటింగ్ గానీ, డేటా నైపుణ్యం గానీ చేర్చుకోవాలి.

చదువుకు నేను చెప్పే వరస ఇది. సీయూఈటీ పీజీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశపరీక్ష) రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎంఏకు గానీ, ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌కు గానీ ప్రయత్నించండి. అమెరికా వ్యవహారాల మీద పీహెచ్‌డీ చేయడానికి జేఎన్‌యూలో ప్రత్యేక కేంద్రమే ఉంది. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలైన సంస్థ గ్రంథాలయాన్ని ఒక్కసారైనా చూసి రండి. ఈ ఏడాదే స్టాటిస్టిక్స్ మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. తర్వాత డేటా విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాషలు ఆర్ (R) గానీ పైథాన్ గానీ పట్టుకోండి. లెక్కలంటే భయమని ఆర్ట్స్ తీసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మీరూ ఆ కోవలోవారైతే ఆ భయం పోగొట్టుకున్నాకే ఈ దారిలో అడుగు పెట్టండి.

అమెరికా వెళ్లి చదవాలనుకుంటే పీహెచ్‌డీకి వెళ్లండి. అక్కడి మంచి యూనివర్సిటీలు పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. పొలిటికల్ సైన్స్ మాస్టర్స్ కోసం మాత్రం పొలం తాకట్టు పెట్టి అప్పు చేయవద్దు. ఇంజినీరింగ్ విద్యార్థికి తిరిగొచ్చే జీతం లెక్కలు మీకు వర్తించవు. ఈ మాట నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

నాన్నగారి భయం అర్థంలేనిది కాదు. ఆయనకు రెండేళ్ల గడువు చెప్పండి. ఎంఏ చేస్తూ యూజీసీ నెట్ రాస్తానని, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పరిశోధన, రాకపోతే గ్రూప్స్ అని మాటివ్వండి. గ్రూప్స్‌లో పాలిటీ, ఎకానమీ ఎలాగూ ఉన్నాయి కాబట్టి చదివింది వృథా పోదు. బాబాయి గారి మాటలోనూ కొంత నిజముంది. అక్కడ ఉండి నాలుగు ఊళ్లు తిరిగి ఓటర్లతో మాట్లాడే వీలు మీకు లేదు. కానీ 1948 నుంచి అమెరికన్ ఓటర్లను ప్రశ్నిస్తూ వస్తున్న నేషనల్ ఎలక్షన్ స్టడీస్ సర్వేల డేటా కాకినాడ నుంచి కూడా ఉచితంగా దించుకోవచ్చు.

మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే. ఆ సర్వేల్లో 1972, 1974, 1976 సంవత్సరాల్లో అవే మనుషులను మళ్లీ మళ్లీ కలిసి అడిగిన సమాచారం ఉంది. అంటే వాటర్‌గేట్‌కు ముందూ వెనకా ఒకే ఓటరు మనసు ఎలా మారిందో చూడవచ్చన్నమాట. 1972లో నిక్సన్‌కు ఓటేసినవాళ్లను వేరుచేయండి. వాళ్లలో 1976లో ఎందరు ఫోర్డ్‌తో ఉన్నారో, ఎందరు కార్టర్ వైపు వెళ్లారో, ఎందరు ఇంట్లోనే ఉండిపోయారో ఒక పట్టిక వేయండి. రెండు మూడు నెలలు పట్టవచ్చు, మధ్యలో చాలాసార్లు తప్పులు వస్తాయి. అయ్యాక దాన్ని పట్టుకుని మీ లెక్చరర్ గారి దగ్గరికే వెళ్లండి. రేపు మీకు సిఫార్సు లేఖ రాయడానికి ఆయనకంటే తగినవారు లేరు.